చెంబులో నీళ్ళు ఒరగని ఇల్లు

ముందుగా ఒట్టు. ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

నన్నెరిగిన రాజోలు మనుషులు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. వరదల్లో మా వీధిలోకి కొట్టుకొచ్చిన కొరమీను మా గడప దగ్గర ఆగి "లోపలికి రావచ్చాండీ" అని అడిగిందని చెప్పింది నేనే. మా మేనమామ ఎక్కిన కొబ్బరిచెట్టు ఆయన కాయలు దింపేలోపు రెండు మూరలు పెరిగిందనీ, దిగడానికి తాడు చాలక ఆయన ఆ పూట భోజనానికి ఆలస్యమయ్యాడనీ చెప్పిందీ నేనే. అవి వేరు. అవి అబద్ధాలని వినేవాళ్ళకీ తెలుసు, చెప్పే నాకూ తెలుసు, కొరమీనుకి మరీ తెలుసు. ఇది మాత్రం నా దుకాణంలో జిరాక్సు మిషను మీద చెయ్యి వేసి చెబుతున్నాను. ఇరవై ఏళ్ళుగా నాకు అన్నం పెడుతున్న మిషను. దాని మీద చెయ్యి వేసి కల్లలాడను.

మొన్న పొద్దున్న దుకాణం తెరిచి, ఆ మిషను వేడెక్కేలోగా టీ తాగుతున్నాను. ఫోనుకి సందేశం వచ్చింది. 'ప్రియమైన వినియోగదారుడా, మీ వాహన బీమా గడువు ముగిసింది. మీ ప్రయాణం మాకు అమూల్యం. వెంటనే రెన్యువల్ చేయించుకోండి.' కింద బండి నంబరు. ఆ నంబరు చూడగానే టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆ బండి నాది కాదు. దాని యజమానురాలు పోయి రెండేళ్ళు దాటింది. ఆవిడ కాగితాలన్నీ నింపిపెట్టినవాణ్ణి కాబట్టి ఫారంలో నా ఫోను నంబరు ఇచ్చాం. బతికున్న మనిషి దెబ్బ చూపించి అడిగినప్పుడు సవాలక్ష కొర్రీలు పెట్టిన కంపెనీ, పోయిన మనిషికి పొద్దున్నే పలకరింపులు పంపుతోంది. అమూల్యమట! నోట్లో టీ చేదెక్కింది.

ఆవిడ పేరు రాయను. ఉండుంటే "నా పేరుకేం రోగమండీ" అని తప్పకుండా అడిగేది.

యాభై దాటాక బండి తోలడం నేర్చుకున్న మనిషి. చీర కుచ్చిళ్ళు బొడ్లోకి ఎగదోపి, పమిట నడుముకి చుట్టి, స్టీరింగు ముందు నిటారుగా కూర్చునేది. పాత వాను. ఎవరో బడిపిల్లల్ని తిప్పి తిప్పి వదిలేసిన దాన్ని కొని, గోదారి గట్టున పడవలు కట్టే మేస్త్రీకి అప్పగించింది. ఆయన జన్మలో బండి ముట్టుకున్నవాడు కాదు. అందుకని లోపలంతా పడవలాగే కట్టేశాడు. గోడ వంపుని పట్టుకుపోయే చెక్క మంచం, మంచం కింద సామాన్ల అర, తెరిస్తే బల్ల అయ్యే కిటికీ తలుపు, వెనక మూల నాలుగు బోల్టులతో బిగించిన గ్యాసు పొయ్యి. మా కోనసీమలో ఇలాంటి బండిని ఏమంటారో ఎవరికీ తెలీదు. పిల్లలు ఇల్లుబండి అనేవారు. ఆవిడ మాత్రం ఇల్లనే అనేది. ఎక్కేముందు చెప్పులు కింద విడిచేది. మనం విడవకపోతే మన కాళ్ళకేసి చూస్తూ ఊరుకునేది. ఆ చూపుకి చెప్పులు వాటంతటవే ఊడేవి.

ఎక్కడ ఆపినా, మొట్టమొదట చేసే పని ఒకటుంది. ఇత్తడి చెంబులో అంచుదాకా నీళ్ళు పోసి, బండి నేల మీద మధ్యలో పెట్టి, పక్కన గొంతుక్కూర్చుని చూసేది. నీళ్ళు ఒక పక్కకి ఒరిగాయో, కిందకి దిగి ఆ పక్క టైరు కింద ఇటుక పెట్టి, బండిని దాని మీదకెక్కించి మళ్ళీ చూసేది. నీళ్ళు అంచు చుట్టూ సమంగా నిలిచాక బండి గోడ మీద రెండుసార్లు తట్టేది, పాలిచ్చిన గేదెని తట్టినట్టు. పడవ మేస్త్రీ నేర్పిన విద్య.

"చెంబులో నీళ్ళు ఒరిగితే నాకు నిద్ర పట్టదండి తమ్ముడుగారూ. తల కింద ఊరంతా ఒక పక్కకి పోతున్నట్టుంటాది" అనేది.

కువైట్‌లో ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో వంట చేసింది. చలికాలం వస్తే ఆ ఇంటివాళ్ళు ఎడారికి పోయి గుడారాలు వేసుకునేవారట. వంటకీ సామానుకీ ఇల్లులాంటి బండి ఒకటి వెంట వెళ్ళేది. వాళ్ళు గుడారాల్లో, ఆవిడ బండిలో.

"ఏడాదికి ఆ రెండు నెలలేనండి నాకంటూ తలుపు. లోపల్నించి గడియ పెట్టుకునేదాన్ని. దొంగలు రారు, పాములు రావు. అయినా పెట్టుకునేదాన్ని. ఆ గడియ చప్పుడు వినడానికి."

ఆవిడ పంపిన సొమ్ముతో మామిడికుదురు దగ్గర తమ్ముడు మేడ కట్టాడు. తిరిగొచ్చాక ఆ మేడలో ఉండలేదా అని నేనొకసారి అడిగాను. "ఆ ఇంట్లో నాకు చుట్టరికం దక్కిందండి. గది దక్కలేదు" అంది, రొయ్యలు ఒలుస్తూ. తమ్ముడి మీద చాడీ కాదది. వానొస్తుందేమో చూడండి అన్నంత మామూలుగా అంది.

ఇక జరిగిన సంగతి. గోదారి పాయ దాటడానికి బండిని పంటు ఎక్కించింది. వంతెన లేని చోట బళ్ళనీ మనుషుల్నీ మోసుకుపోయే ఇనప బల్లకట్టునే మేం పంటు అంటాం. ముందు కొబ్బరికాయల లారీ, వెనక ఈ ఇల్లు. ఆవిడ కిందకి దిగి కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. అవతలి గట్టు తగిలి పంటు ముక్కు పైకి లేవగానే, బ్రేకు పట్టని ఆ లారీ వెనక్కి దొర్లింది. దొర్లి, ఇంటిని కమ్మీకి అదిమి, నలిపి, నింపాదిగా ఆగింది. ఎడమ గోడ లోపలికి పోయింది. వెనక తలుపు తిరగబడింది. లోపల చెంబు ఎగిరి మంచం మీద పడింది. లారీ డ్రైవరు దిగి, "ఏం కాలేదు లెండి మామ్మగారూ" అన్నాడట. ఆవిడకి కోపం వచ్చింది గోడ నలిగినందుక్కాదు, మామ్మగారన్నందుకు. లారీకి కొబ్బరికాయలు తప్ప కాగితమన్నది లేదు. దాని యజమాని ఫోను ఆ సాయంత్రం నుంచీ మూగబోయింది. మిగిలింది ఆవిడ కట్టుకున్న బీమా.

బండిని లాగించుకొచ్చి మా దుకాణం వెనక ఖాళీ జాగాలో పెట్టాం. తలుపుకి కొబ్బరితాడు కట్టుకుని ఆవిడ అందులోనే ఉంది. నేను బీమా ఆఫీసుకి ఫోను చేసి, మాట్లాడమని ఆవిడకిచ్చాను. అవతల గుమాస్తా సంగతంతా విని, "ఇది రోడ్డు ప్రమాదమాండీ, నీటి ప్రమాదమాండీ?" అని అడిగాడు.

"లారీ ప్రమాదమండీ" అంది ఆవిడ.

నీళ్ళ మీద జరిగినదానికి మాకు సంబంధం లేదన్నాడు. ఆవిడ ఫోను పెట్టేసి, పాలసీ కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "చదవండి. మొత్తం" అంది. ఇరవై పేజీల ఇంగ్లీషు. నేను ఒక్కో వాక్యం చదివి తెలుగు చెప్పడం, ఆవిడ స్టూలు మీద చెంపకి చెయ్యి ఆనించి పురాణం విన్నట్టు వినడం. మధ్యలో గిరాకీలు వస్తే, "ఉండండి బాబూ, మంచి పట్టులో ఉంది" అని ఆవిడే ఆపేసేది. పన్నెండో పేజీలో దొరికింది. రోడ్డు మీదా, రైలు మీదా, నదులూ కాలవల్లాంటి లోతట్టు జలమార్గం మీదా తరలిస్తుండగా జరిగిన నష్టం కూడా చెల్లుతుందని వాళ్ళే అచ్చు వేసుకున్నారు!

"వెనక్కెళ్ళండి. ఆ ముక్క మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివాను. మూడోసారి ఆవిడే చెప్పేసింది, ఇంగ్లీషు మాటలతో సహా. మర్నాడు గుమాస్తాకి ఫోనులో అప్పజెబితే, అతను "సర్వేయరు గారిని పంపిస్తామండి" అన్నాడు. సొంత కంపెనీ కాగితంలో ఏముందో కువైట్‌లో వంట చేసుకొచ్చిన మనిషి చెబితే గాని తెలియలేదు. జీతం మాత్రం ఒకటో తారీకున తెలుస్తుంది కాబోలు.

సర్వేయరంటే దెబ్బ తిన్న బండిని చూసి, దెబ్బెంతో రాసి, ఎంత ఇవ్వాలో కంపెనీకి చెప్పే మనిషి. ఆయన వస్తున్నాడన్న కబురు ముందురోజు వచ్చింది.

ఇక్కడ మా కోనసీమవాళ్ళు మాత్రమే చేయగల పని ఒకటి జరిగింది. ఆవిడ ఇల్లు సర్దడం మొదలుపెట్టింది. ఇంటికి పెద్దమనిషి వస్తుంటే గోడ సొట్ట కనబడితే ఎలా? సొట్ట మీద నెమలికంఠం రంగు చీర తెరలా వేలాడదీసింది. తిరగబడ్డ తలుపుని సుత్తితో నాలుగు పోట్లు పొడిచి, మూసుకునేలా చేసింది. నేల ఒక పక్కకి ఒరిగి ఉంటే అతిథి విస్తట్లో చారు జారిపోదూ? అందుకని వంగిన పక్క టైరు కింద మూడిటుకలు పేర్చి, చెంబు పెట్టి చూసి, సమం చేసింది. మెట్టు ముందు ముగ్గేసింది. "ఇంటికొచ్చిన మనిషికి ముక్కుపుటాలదిరేలా వండి పెట్టకపోతే మన కోనసీమ మర్యాదేమైపోనండి తమ్ముడుగారూ" అని, తెల్లారగట్లే లేచి వంట మొదలెట్టింది.

సర్వేయరు వచ్చాడు. ఇన్‌షర్టు, చేతిలో పలక లాంటి ఫోను, మాటకి ముందు ఒక ఆయ్, వెనక ఒక అండీ. వయసు నలభై ఉండదు. ఇంతకన్నా పెద్దమనిషిని నేను చూడలేదనిపించింది ఆ పూట. చెప్పకుండానే చెప్పులు విడిచాడు. ఇది చూసి ఆవిడ పొంగిపోయింది.

"ముందు బండి చూస్తానండి" అన్నాడు.

"ఆయ్, చూద్దురుగాని. ఎండన పడి వచ్చేరు. ముందు రెండు మెతుకులు తినండి బాబూ."

వద్దన్నాడు. మొహమాటపడ్డాడు. పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు ఒక పళ్ళెంలో, చింతచిగురు వేసిన పచ్చిరొయ్యల కూర ఒక గిన్నెలో వచ్చేసరికి మొహమాటం మంచం కింద దాక్కుంది. మూడుసార్లు వడ్డించుకున్నాడు. మూడోసారి అడిగి మరీ. ఉత్తినే అనడం లేదు, పక్కన విసనకర్ర పట్టుకుని విసిరినవాణ్ణి నేను. తిని, వేళ్ళు నాకి, ఫోను తీసి కూరగిన్నె ఫోటో తీశాడు. పొయ్యి ఫోటో తీశాడు. పొయ్యి కింద బోల్టుల్ని వంగి మరీ తీశాడు.

"చూసేరా, ఫోటోలు తీసుకుంటున్నారు. ఇంట్లో ఆవిడకి చూపిస్తారు కాబోలు" అని నా చెవిలో మురిసిపోయింది ఆవిడ.

ఆ తర్వాత బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. నీటిమట్టం గాజుబుడ్డి ఉన్న చిన్న కొలబద్ద జేబులోంచి తీసి నేల మీద పెట్టి చూశాడు. సమంగా ఉంది మరి, మూడిటుకల మీద! తెర ఎత్తనైనా లేదు. "భోజనం అద్భుతమండి అమ్మగారూ" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మూడు వారాలకి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, సర్వేయరు రిపోర్టు జతచేసి. నేను చదువుతుంటే ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది. వాహనం నివాసానికి పూర్తి యోగ్యముగా ఉన్నది. ఎడమ ప్రక్క స్వల్పమైన సొట్టలు. నేల సమతలము, చాసిస్ వంగినట్లు కనబడలేదు. అనుమతి లేకుండా గ్యాసు పొయ్యి బిగించి ఉన్నది, తనిఖీ సమయమున వంట జరుగుచుండగా చూచితిమి, ఫోటోలు జతపరచడమైనది. నిబంధనల ఉల్లంఘన కారణముగా క్లెయిము తిరస్కరించవచ్చును.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి పెద్దలు చెప్పగా విన్నాను. తిన్న ఇంటి బోల్టులు లెక్కపెట్టినవాణ్ణి కళ్ళారా చూశాను. నా చెవులు కాలిపోయాయి. ఉన్నపళంగా వాడి మీదికి పోతానని లేచాను.

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "రొయ్యల గురించి రాసేరా?"

"వంట జరుగుచుండగా అన్నాడు. అంతే."

"ఉప్పు సరిపోయిందని రాయలేదూ?"

"లేదండి."

"అదేంటండి, మూడుసార్లు తిన్నారు గదా" అంది. అంతే అంది. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. నాకు తెలుసు ఎందుకో. చాసిస్, అంటే బండి అడుగు చట్రం, సరిచేయకపోతే ఫిట్‌నెస్ కాగితం రాదు. ఫిట్‌నెస్ లేకపోతే బండి రోడ్డెక్కదు. రోడ్డెక్కని బండిని ఎక్కడో ఒకచోట పెట్టాలి. ఆవిడకున్న ఒకేఒక్క 'ఎక్కడో' తమ్ముడి పెరడు, గేదెలపాక పక్క. అంటే మళ్ళీ చుట్టరికమే.

తెల్లారి ఇటుకలు తీసేసి, ఆ బండినే అమలాపురం తోలింది. చాసిస్ వంగిన బండి నడక ఎప్పుడైనా చూశారా? అచ్చం పీత నడక. మూతి ఒక పక్కకి, ఒళ్ళు ఒక పక్కకి. దారిపొడుగునా జనం బండికి ఎడం ఇస్తూ, నా కేసి జాలిగా చూశారు. పక్కసీట్లో చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేనే మరి.

బీమా ఆఫీసు ముందు సిమెంటు చేసిన పెద్ద వాకిలి. మేనేజరు మోటారుసైకిలు నీడకి పెట్టుకునే చోట బండి ఆపింది. ఆయన కిందకి దిగొచ్చాడు. మంచి మర్యాదస్తుడు, నెమ్మదస్తుడు. మా వైపు అన్యాయం కూడా చాలా మర్యాదగా చేస్తారు.

"ఆయ్, మీ ఫైలు చూసేనండి అమ్మగారూ. ఇంత పాత బండికి ఇంత ఖర్చెందుకండి? తుక్కుకిచ్చేయండి. మానవత్వం మీద ఏదో కొంత మేం ఇప్పిస్తాం."

"నాకూ అరవై వస్తున్నాయండి" అంది ఆవిడ. "నన్నూ ఇచ్చేస్తారా తుక్కుకి?"

"అబ్బే, ఎంత మాటండి!"

"నా ఇల్లు కొనుక్కోమని మిమ్మల్ని అడగలేదండి. తగిలిన దెబ్బ బాగుచెయ్యమన్నాను. చాసిస్ వంగింది."

"రిపోర్టులో వంగలేదనుందండి."

ఆవిడ నా ఒళ్ళోంచి చెంబు తీసుకుని, ఆఫీసు కుళాయి దగ్గర అంచుదాకా నింపి, బండి నేల మధ్యలో పెట్టింది. నీళ్ళు ఎడమ పక్క వెనక మూలకి ఒలికాయి. మేనేజరు చూసి చిన్నగా నవ్వాడు. "మా వాకిలి వాటం అదేనండి. వాన నీళ్ళు పోవడానికి ఆ పక్కకి వాటం పెట్టించేం."

"ఆయ్" అంది ఆవిడ. అని, ఎక్కి బండి స్టార్ట్ చేసి, ఆ వాకిట్లోనే ముందుకీ వెనక్కీ నడిపి, మూతి ఉన్న వైపు తోక వచ్చేలా పూర్తిగా తిప్పి, అదే చోట ఆపింది. గుమాస్తాలు కిటికీల్లో చేరారు. మళ్ళీ చెంబు నింపి పెట్టింది. నీళ్ళు మళ్ళీ బండి ఎడమ పక్క వెనక మూలకే ఒలికాయి.

"మీ వాకిలి వాటమైతే, బండి తిప్పేక నీళ్ళు ఇటు పక్కకి పోవాలి గదండీ" అంది. "నీళ్ళకి పాలసీ తెలీదు. అబద్ధం చెప్పవు."

మేనేజరు చెంబుకేసి చూశాడు. తన వాకిలికేసి చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు, లెక్క అర్థమైంది. లోపలికి పిలిచి కుర్చీ వేయించాడు. చాసిస్సుకీ గోడకీ ఒప్పుకున్నాడు. కాని పొయ్యి దగ్గర మాత్రం జలగలా పట్టుకున్నాడు. పొయ్యి ఫోటోలు పైవాళ్ళకి వెళ్ళిపోయాయనీ, పాలసీలో పడకలున్నాయి గాని పొయ్యి లేదనీ, అది తీసేసి, తీసేసినట్టు ఫోటో ఇస్తే తప్ప తన చేతుల్లో ఏమీ లేదనీ.

అప్పుడు నేను లేచాను. "అయ్యా, లారీ వెనక్కి దొర్లడానికీ, ఈవిడ పొయ్యి మీద రొయ్యలు ఉడకడానికీ ఏమిటండీ సంబంధం? ఆ రోజు పొయ్యి వెలగనే లేదు. వెలిగింది మీ సర్వేయరు కోసం. ఉడికింది మీ సర్వేయరు కడుపులోకి. ఆ ఫోటోలో ఉన్న కూర ఎవరు తిన్నారో ఆ సంగతి రిపోర్టులో ఏదీ?"

"నిబంధనండి" అన్నాడు మేనేజరు, బల్లకేసి చూస్తూ.

ఇప్పటికీ నాకు రక్తం మరుగుతుంది. ఇల్లు నలిపినవాడికి నిబంధన లేదు. తిని రాసినవాడికి నిబంధన లేదు. వండి పెట్టిన మనిషికే నిబంధన.

ఆవిడ కుర్చీలోంచి లేచింది. "పానా ఉందాండీ?" అని అడిగింది. మేనేజరు మోటారుసైకిలు పెట్టెలోంచే తెచ్చిచ్చారు. బండెక్కి, చెప్పులు విడిచి మరీ ఎక్కి, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఒక్కో బోల్టూ విప్పింది. నేను విప్పుతానంటే వినలేదు. విప్పిన బోల్టు విప్పినట్టే నా అరచేతిలో పెట్టింది. నాలుగూ అయ్యాక నా వేళ్ళు మూసి, పైన తన చెయ్యి వేసి, "మీ దగ్గరే ఉంచండి తమ్ముడుగారూ. మీరైతే పారెయ్యరు" అంది. గుమాస్తా ఎవరో ఖాళీ మూలని ఫోటో తీశాడు.

బండి బాగైంది. చెంబులో నీళ్ళు నిలిచాయి. ఫిట్‌నెస్ వచ్చింది. ఆవిడ మళ్ళీ అల్లవరం తీరానికీ, కొత్తపేటకీ, బుద్ధి పుట్టిన చోటికల్లా పోయి, గడియ పెట్టుకుని పడుకుంది. వంట మాత్రం బండి పక్కన నేల మీద, మూడిటుకల పొయ్యి. నేను వెళ్ళినప్పుడల్లా ఆ మూడిటుకల మీద కూర వండి పెట్టేది. ప్రతిసారీ ఒకటే మాట: "తినండి, భయం లేదు. ఇది మోటారు వాహనానికి బిగించింది కాదు." నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. తల దించుకుని తినేవాణ్ణి. ముసురు పట్టిన రోజుల్లో ఇటుకలు తడిసిపోతే అటుకులు నానబెట్టుకుని తినేది. ఆఖరి ముసుర్లో జ్వరం వచ్చింది, పెద్దాసుపత్రిలో వారం ఉండి పోయింది. ముసురుకీ జ్వరానికీ సంబంధం ఉందని నేననను. లారీకీ రొయ్యలకీ సంబంధం ఉందన్నవాళ్ళని అడగండి. పదకొండో రోజు దాటగానే తమ్ముడు బండిని తుక్కుకిచ్చేశాడు. ఆ ముక్క కంపెనీకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక ఒట్టు సంగతి.

నా సంగతి తెలిసినవాళ్ళు ఈపాటికి ఏదో ఒకటి పట్టుకునే ఉంటారు. చెంబు కట్టుకథ అనుకుంటారు. ఆ వాకిట్లో బండి తిప్పడం కల్పన అనుకుంటారు. అవన్నీ జరిగాయి. అమలాపురంలో ఆ కిటికీల్లో నిలబడ్డ గుమాస్తాల్ని అడగండి. నేను కల్పించింది ఒక్కటే. సర్వేయరు వస్తున్నాడని ఇల్లు సర్దింది ఆవిడ కాదు.

కబురు తెలియగానే ఆవిడ అన్న మాట ఇది: "తనిఖీకొచ్చేవాళ్ళకి ఉన్నదున్నట్టు చూపించాలండి, విరిగింది విరిగినట్టు. పొయ్యి విప్పి మీ ఇంట్లో పెట్టండి. ఆయనకి భోజనం కావాలంటే మీ ఇంట్లోనే పెట్టండి. నేను ఇరవై రెండేళ్ళు ఒకళ్ళ కింద బతికేను, నాకు తెలుసు." ముక్కుపుటాలూ, కోనసీమ మర్యాదా, ఫోటోలు చూసి మురిసిన ముక్కా, అవన్నీ నా మాటలు. ఆవిడ నోట్లో పెట్టాను. మూడిటుకలు పేర్చింది నేను. ముగ్గు మా ఆవిడది, తెరగా వేలాడదీసిన నెమలికంఠం చీరా మా ఇంటిదే. బండిలోనే, ఆ పొయ్యి మీదే వండాలని పట్టుబట్టింది నేను, సర్వేయరు ముందు మా ఊరి గొప్ప చూపించాలని. అంతకన్నా నిజం చెప్పాలంటే, ఆ రొయ్యల కూర నేనూ తినాలని. ఆవిడ రెండుసార్లు వద్దంది. మూడోసారి, "సరేనండి, మీరంతగా చెబుతుంటే" అంది. ఆ తర్వాత ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, ఇటుకల పొయ్యి పక్కన ఆ ఒక్క మాట తప్ప.

బోల్టులు నాలుగూ నా బల్ల సొరుగులో ఉన్నాయి. దుకాణానికి వచ్చినవాళ్ళు చూసి ఇవేమిటండీ అని అడుగుతుంటారు. జిరాక్సు మిషనువి అని చెబుతుంటాను.